పాత మోటారుబండికి క్రొత్త అవయవములు



ఎడ్లబండి చక్రమున ఆకు విఱిగినచో బాగుచేయుటకు గ్రామమున వడ్రంగి యున్నాడు. ఇనుపపట్టా వదులైనచో కమ్మరి దానిని ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి, నీళ్లు చల్లి బిగించును. కాని నూఱేండ్లనాటి మోటారుబండి తలుపు తుప్పుపట్టి రాలిపోయినచో నేమి చేయవలెను? దానిని చేసిన కార్ఖానా మూతపడి యుండును; విడిభాగములమ్ము అంగడియు లేదు. ఆ భాగములను మరల నెట్లు పుట్టింతురో మీకు విన్నవింపదలచితిని.

అన్ని బండ్లకును ఈ యిక్కట్టు లేదు. ఫోర్డువారి మోడల్ టీ బండ్లు 1908 మొదలు 1927 వఱకు కోటి యేబది లక్షలు తయారైనవి. కావున వాని భాగములను నేటికిని క్రొత్తగా చేసి అమ్మువారు కలరు. చిక్కంతయు అరుదైన బండ్లతోనే.

పూర్వము ఇంగ్లండున రోల్స్ రాయిస్ వారు యంత్రమును, ఇనుపచట్రమును మాత్రమే అమ్మెడివారు. కొన్నవారు మఱియొక కార్ఖానాలో తమ యిష్టానుసారము పైకట్టు చేయించుకొనెడివారు. హైదరాబాదున చౌమహల్లా ప్రాసాదములో పసుపువన్నె సిల్వర్ ఘోస్ట్ బండి యొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కొఱకు చేయించినది. పైకట్టు లండనులోని బార్కరువారిది. బండి 1912 నాటిది. ఆయన 1911లోనే కీర్తిశేషులైరి. ఇట్టి బండికి జోడు లేదు. దాని తలుపు చెడినచో వేఱొక బండి తలుపు తెచ్చి తగిలించుట పొసగదు.

అట్టి పైకట్టులోపల అస్థిపంజరమువలె కొయ్యకట్టుండును. ఇంగ్లండున ఆష్ అను కొయ్యను వాడెడివారు. నీరు చేరినచో రేకుచాటున అది పుచ్చిపోవును. తెలియనివారు మొట్టమొదట ఆ పుచ్చును ఊడ్చి పాఱవేయుదురు. ఇంతకంటె పెద్ద పొరపాటు లేదు. ఎచ్చట నెంత వంపో, కీలు ఎంతలోతున కూర్చున్నదో తెలుపునది ఆ పుచ్చుకొయ్య యొక్కటే. నేర్పరియైన పనివాడు దానిని కదలింపకమునుపే కొలతలు వ్రాసికొనును. అట్టతో అచ్చులు తీయును. ముక్క ముక్కకు చీటి కట్టును. క్రొత్తకట్టును చక్రములపై నిలిచిన బండిమీదనే కూర్చవలెను. ఏలయన ఇనుపచట్రము బరువునకు కొంచెము వంగును. నేలపై సరిపోయిన తలుపు బండిపై మూతపడదు.

రేకుపని చూడముచ్చటైనది. ఇసుక నింపిన తోలుసంచిపై అల్యూమినియపు రేకు నుంచి కొయ్యసుత్తితో మోదుదురు. బిందె చేయు కంచరిచేతిని చూచినవారికి ఇది క్రొత్త కాదు. మోదినకొలది రేకు గట్టిపడి తుదకు పగులును గనుక నడుమనడుమ కాచి మెత్తపఱుపవలెను. కాని యిది ఇనుమువలె ఎఱ్ఱబడి హెచ్చరింపదు. 660 డిగ్రీల వేడికి హఠాత్తుగా కరగి జాఱిపోవును. అందుచే పనివాండ్రు రేకుపై సబ్బు రాచి మంట చూపి, సబ్బు నల్లబడగనే మంట తీసివేయుదురు. అప్పటికి రేకు మెత్తబడి యుండును. కొలిమిశాలలో ఉష్ణమాపకము ఒక సబ్బుముక్క! పిదప రెండు ఉక్కుచక్రముల నడుమ రేకును ముందువెనుకలకు నడపి సుత్తిదెబ్బలను మాపుదురు.

పోతపనిలో వేఱొక మోసము కలదు. విఱిగిన ఇనుపభాగమునే అతికి, ఇసుకలో అచ్చు తీసి పోసినచో క్రొత్తది పొట్టిదగును. పోతయినుము చల్లాఱునప్పుడు అడుగునకు అంగుళములో ఎనిమిదవ వంతు ముడుచుకొనును. అందుచే కొయ్యతో మూస చేయువారు ఆ మేరకు గీతలు సాగదీసిన ప్రత్యేకపు కొలబద్దను వాడుదురు. తుత్తునాగపు పోతలున్న చోట అతుకుపని కూడ వ్యర్థమే. ఆ లోహమున సీసపు మలినము చేరినందున కొన్ని తమంతట తామే పగిలి పొడియగును. వానిని ఇత్తడితోనో కంచుతోనో మరల పోయుటయే మేలు.

నేడు కాంతికిరణములతో వస్తురూపమును కొలిచి, ఆ కొలతలను కంప్యూటరునకిచ్చి, ఇసుకమూసనే పొరలుపొరలుగా ముద్రించు విధము వచ్చినది. అయినను అరిగిన భాగమును కొలిచిన యంత్రము అరుగుదలనే కొలుచును. అది పుట్టినపు డెంత యుండెనో ఊహించి చెప్పువాడు ఇంకను మనుష్యుడే.

క్రొత్తభాగమును పాతదానివలె మాయచేసి అధికమూల్యమునకు అమ్మువారును లేకపోలేదు. కావున చేసిన సంవత్సరమును భాగముపై కంటబడని చోట ముద్రకొట్టుట మంచి పనివాండ్ర అలవాటు. ఈ ముద్ర లేని పనిని నేను ఎంత చక్కగా నున్నను మెచ్చను.

మీలో ఎవరి దొడ్డిసాలలోనైన తాతగారినాటి మోటారు మూలబడి యున్నచో, పాతసామానువానికి తూచి యిచ్చుటకు ముందు కొంచెము ఆగుడు. క్రింద రాలిన కీలు, మరమేకు, పుచ్చిన కొయ్యముక్క, సగము తుప్పైన రేకు ఏఱి ఒక గోనెసంచిలో వేయుడు. ఏది ఏవైపున దొరకినదో చీటిపై వ్రాసి ఆ సంచికి కట్టుడు. కడుగవలదు, తోమవలదు, ఆ మురికిక్రింద తొలినాటి రంగు ఉండవచ్చును.