చెన్నైలో ఒక్క మ్యాచ్ ఆడించని చెన్నై కోచ్

సొంతూళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే సీజన్ ముగించిన కోచ్ ఉంటాడా? ఫుట్‌బాల్ జట్టు చెన్నయిన్ ఎఫ్‌సీకి ఉండేవాడు. పేరు చాబా లాస్లో. రుమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో పుట్టిన హంగేరియన్. 2020 ఆగస్టులో పగ్గాలు అందుకున్నాడు. కరోనా మూలంగా ఆ సీజన్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మొత్తాన్నీ గోవాలో, మూడు మైదానాల్లో, ఖాళీ గ్యాలరీల ముందే నడిపేశారు. చెన్నై నెహ్రూ స్టేడియం గేట్లు తెరుచుకోలేదు. ఇక్కడి అభిమానులకు ఆయన టీవీలో కనిపించిన కోచ్ మాత్రమే.

తొలి మ్యాచే విచిత్రం. 2020 నవంబర్ 24, వాస్కోలోని తిలక్ మైదాన్. ఎదుటి జట్టు జంషెడ్‌పూర్. దాని కోచ్ ఓవెన్ కోయిల్, అంతకు కొన్ని నెలల ముందే చెన్నయిన్‌ను ఫైనల్‌కు చేర్చినవాడు! చెన్నై తరఫున గోల్స్ వరద పారించిన వాల్‌స్కిస్ కూడా ఆయన వెంటే అటు చేరాడు. ఆట మొదలైన తొలి నిమిషంలోనే చెన్నై ఆటగాడు అనిరుధ్ థాపా గోల్ కొట్టేశాడు. చెన్నై 2-1తో గెలిచింది. జంషెడ్‌పూర్‌కు ఆ ఒక్క గోల్ తెచ్చిందెవరంటారా? ఇంకెవరు, వాల్‌స్కిసే.

ఆ ఊపు నిలవలేదు. డిసెంబర్‌లో కెప్టెన్ క్రివెలారో గాయపడి సీజన్‌కే దూరమయ్యాడు. 20 మ్యాచ్‌ల్లో గెలిచినవి 3, ఓడినవి 6, డ్రా అయినవి ఏకంగా 11. కొట్టిన గోల్స్ 17. పదకొండు జట్లలో ఎనిమిదో స్థానం. ఓడించడం కష్టమే కానీ, ఆ జట్టుకు గెలవడం అంతకన్నా కష్టమైపోయింది. డ్రాల్లో ఆ సీజన్ రికార్డు చెన్నైదే అనుకునేరు, హైదరాబాద్‌కూ సరిగ్గా 11 డ్రాలే. కాకపోతే మిగతా తొమ్మిదిలో ఆరు గెలిచి హైదరాబాద్ ఐదో స్థానంలో నిలిచింది. చెన్నైని ఓసారి 4-1తో చిత్తు చేసింది కూడా.

ఈ లెక్కలు చూసి లాస్లోను తీసిపారేయకండి. 2004లో ఆయన కోచ్‌గా ఉన్న హంగేరీ క్లబ్ ఫెరెంక్‌వారోష్ ఎడిన్‌బరోకు వెళ్లి స్కాట్లాండ్ క్లబ్ హార్ట్స్‌ను 1-0తో ఓడించింది. నాలుగేళ్లకు అదే హార్ట్స్ ఆయన్నే కోచ్‌గా పెట్టుకుంది! తొలి సీజన్‌లోనే రేంజర్స్, సెల్టిక్‌ల తర్వాత మూడో స్థానం. ఆ రెండు క్లబ్‌ల మధ్యలో ఉగాండా జాతీయ జట్టుకు కోచ్. 2007లో కంపాలాలో నైజీరియాను 2-1తో ఓడించిన మ్యాచ్‌లో గోల్ కొట్టిన డేవిడ్ ఒబువాను ఆ తర్వాత హార్ట్స్‌కూ రప్పించుకున్నాడు.

మనకు హంగేరియన్ కోచ్‌లు కొత్తేమీ కాదు. 1990ల మొదట్లో భారత జట్టును నడిపిన యోజెఫ్ గెలెయ్, 1966 ప్రపంచకప్‌లో బ్రెజిల్‌ను 3-1తో మట్టి కరిపించిన హంగేరీ జట్టు గోల్‌కీపర్.

హంగేరీపై మనం గోల్ కొట్టిన సందర్భమూ ఉంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జట్టు హంగేరీ చేతిలో 1-2తో ఓడింది. భారత్ గోల్ సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంది. హంగేరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం నెగ్గింది.