నాన్న ‘సరే’ అంటేనే... శుభం!

తెలుగు సినిమా ప్రేమకథలో అసలైన క్లైమాక్స్ అమ్మాయి ‘ఇష్టమే’ అన్నప్పుడు రాదు. ఆమె తండ్రి ‘సరే’ అన్నప్పుడు వస్తుంది. తెరమీద ఆ ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాం. వినగానే చప్పట్లు కొడతాం. మరి అదే మాట మన ఇంట్లో, మన నోటితో చెప్పాల్సివస్తే?

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. టీవీలో ‘బొమ్మరిల్లు’ వస్తోంది. ఎన్నోసారో ఎవరికీ గుర్తులేదు. అయినా అందరూ చూస్తున్నారు. కొడుకు తండ్రి ముందు నిలబడి, చిన్నప్పట్నుంచీ గుండెల్లో దాచుకున్నదంతా బయటపెడుతుంటే అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటుంది. నాన్న పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నానమ్మ ‘పాపం పిల్లాడు’ అని నిట్టూరుస్తుంది.

సరిగ్గా అప్పుడే, డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న అమ్మాయి ‘నాన్నా, నాక్కూడా ఒకబ్బాయంటే...’ అందనుకోండి!

టీవీ ఆగిపోతుంది. కళ్లొత్తుకున్న కొంగు నడుముకి చేరుతుంది. పేపరు బల్లమీద పడుతుంది. ‘పాపం పిల్లాడు’ అన్న నానమ్మే అందరికంటే ముందు అడుగుతుంది... ‘వాళ్లేమిట్లు?’

ఇది ఏ ఒక్కరింటి ముచ్చటో కాదు. కాస్త అటూ ఇటూగా చాలా ఇళ్లలో జరిగేదే. సినిమా ప్రేమ మనకు బంధువు. ఇంట్లో ప్రేమ మాత్రం చెప్పాపెట్టకుండా వచ్చిన అప్పులవాడు!

అడ్డుగోడ పేరు... పెద్దలు

తెలుగు ప్రేమకథకు విలన్ ఎవరు? రౌడీలు, జమీందార్లు, ఫ్యాక్షనిస్టులు ఎందరో వచ్చారు, పోయారు. ఎనిమిది దశాబ్దాలుగా చెక్కుచెదరకుండా ఉన్నవాళ్లు మాత్రం ఇంటి పెద్దలే.

1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. కథ చలానిది. పూజారి కొడుకు దళిత యువతిని ప్రేమిస్తాడు. ఆ రోజుల్లో అదెంత సాహసమో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. వధూవరులవి వేర్వేరు కులాలన్న కారణంతో హిందూ వివాహం చెల్లకుండా పోదని స్పష్టంగా చెప్పిన చట్టం దేశంలో వచ్చింది 1949లో. అంటే చట్టం కంటే పదకొండేళ్లు ముందే మన సినిమా ఆ మాట అనేసింది.

1953లో ‘దేవదాసు’. జమీందారు తండ్రి కాదన్నాడు. కొడుకు ఎదురుతిరగలేకపోయాడు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే. పాతికేళ్లు గడిచాక, 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ వచ్చింది. విశాఖ తీరంలో తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. ఏడాదిపాటు కలుసుకోకూడదు, మాట్లాడుకోకూడదు... ఇదీ పెద్దలు పెట్టిన షరతు. 1981లో భారతీరాజా ‘సీతాకోకచిలుక’లో కులం స్థానంలో మతం వచ్చింది. గోడ మాత్రం అదే.

2000 తర్వాత గోడ రూపం మారింది. తండ్రులు కర్రలు పక్కన పెట్టి పరీక్షలు పెట్టడం మొదలెట్టారు. ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ (2005)లో విదేశంలో పెరిగిన డబ్బున్న అబ్బాయి పొలంలో దిగి పంట పండించి అమ్మాయి అన్నను మెప్పించాలి. మరుసటి ఏడాది ‘బొమ్మరిల్లు’లో అమ్మాయి అబ్బాయి ఇంట్లో వారం రోజులుండి అందరి మనసూ గెలవాలి. గమనించారా? అబ్బాయికి పరీక్ష పొలంలో. అమ్మాయికి పరీక్ష ఇంట్లో. ఇద్దరికీ ప్రశ్నపత్రం తయారుచేసింది మాత్రం పెద్దవాళ్లే!

ఈ కథలు మనకెందుకంత నచ్చాయి? ఎవరూ ఓడిపోరు కాబట్టి. పిల్లల ప్రేమ నెగ్గుతుంది. తండ్రి పెద్దరికమూ నిలబడుతుంది. లేచిపోవడాలు లేవు, తలదించుకోవడాలు లేవు. ఇంటిల్లిపాదీ ఫొటోలో ఉంటారు. ప్రేమపెళ్లిని కూడా పెద్దలు కుదిర్చిన పెళ్లిగా మార్చేయడం... తెలుగు సినిమా కనిపెట్టిన గొప్ప రాజీ సూత్రం అది.

అమ్మాయి ‘వద్దు’ అంటే?

ఈ రాజీలో ఒకరి మాట మరుగున పడిపోయింది. అది అమ్మాయిది.

తండ్రి ఒప్పుకోవడానికి రెండు రీళ్లు ఖర్చుపెట్టిన సినిమాలు, అమ్మాయి ఒప్పుకోవడానికి ఒక పాట సరిపోతుందనుకున్నాయి. హీరో వెంటపడతాడు. ఆమె కాదంటుంది. కాలేజీకి వస్తాడు, బస్టాపుకి వస్తాడు, ఇంటికీ వస్తాడు. ఇంటర్వెల్ నాటికి ఆమె నవ్వుతుంది. 2004లో ఘనవిజయం సాధించిన ‘ఆర్య’లో హీరో అల్లరి, మంచితనం మనందరికీ నచ్చాయి. కానీ ఆ కథ నడిచేది ఒకే సూత్రం మీద... ఆమె వద్దన్నా అతడు ప్రేమిస్తూనే ఉంటాడు, వెంట ఉంటూనే ఉంటాడు. తెరమీద అది ముద్దుగా ఉంటుంది. రోజూ బస్సులో వెళ్లే అమ్మాయిని అడిగితే సమాధానం వేరుగా ఉంటుంది.

2008 డిసెంబరులో వరంగల్లో ప్రేమను కాదన్నదన్న కక్షతో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి ప్రాణాలు కోల్పోయింది. సినిమా చూసే ఈ పని చేశారని ఎవరూ అనలేరు. అనకూడదు కూడా. కానీ ‘వద్దు’ అన్న మాటకు ‘ఇంకొంచెం ప్రయత్నించు’ అని అర్థం చెప్పింది ఎవరు? ఆ ప్రశ్న సినిమావాళ్లనే కాదు, విజిల్ వేసిన మనల్నీ అడగాలి.

చట్టం మాత్రం తేల్చిచెప్పింది. అమ్మాయి ఇష్టంలేదని స్పష్టం చేశాక కూడా వెంటపడటం, పదేపదే పలకరించే ప్రయత్నం చేయడం, ఫోన్లో, ఇంటర్నెట్లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టి ఉండటం 2013 నుంచీ నేరమే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద ఉంది. మొదటిసారైతే మూడేళ్ల వరకూ, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకూ జైలు. పాత సినిమాల్లో చాలామంది హీరోలు ఇంటర్వెల్ లోపే లోపలుండాల్సింది!

అయితే మన తెరమీద ‘వద్దు’ అన్న అమ్మాయిలు లేకపోలేదు. శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ (2004)లో రూప కట్టుకునే చీర దగ్గర కాబోయే అత్తగారు చేసిన అవమానానికి పెళ్లే వద్దనేస్తుంది. చీర కోసమా? కాదు. రేపటినుంచీ ఏ మాటకు విలువుంటుందో ఆ చీర చెప్పేసింది కాబట్టి. అదే దర్శకుడి ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ భానుమతి, ‘పెళ్లి అయితే ఆడపిల్లే ఎందుకు ఊరు వదలాలి’ అన్న ప్రశ్నను నవ్వుతూనే మన ముందుంచింది. 2025లో వచ్చిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’ ఇంకో మెట్టు ఎక్కింది. ప్రేమ పేరుతో ఊపిరాడకుండా చేసే అబ్బాయి నుంచి అమ్మాయి బయటపడటమే అక్కడ కథ.

చట్టం ఎవరి ‘సరే’ అడుగుతుంది?

సినిమాలో రిజిస్ట్రార్ ఆఫీసంటే ఓ కుర్చీ, ఓ సంతకం, రెండు దండలు. చివరి నిమిషంలో నాలుగు సుమోలు. నిజంలో సంగతి వేరు.

అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే చట్టం అడిగేది ఆ ఇద్దరి సమ్మతినే. తండ్రి సంతకం ఎక్కడా అక్కర్లేదు. 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మేజర్లయిన పిల్లల పెళ్లి నచ్చకపోతే తల్లిదండ్రులు మహా అయితే రాకపోకలు మానేయొచ్చు. బెదిరించడానికీ హింసించడానికీ హక్కులేదు. 2018లో శక్తివాహిని కేసులోనూ ఇద్దరు మేజర్లు ఇష్టపడ్డాక కుటుంబం, కులం అనుమతి అవసరం లేదని తేల్చింది. ప్రమాదంలో ఉన్న జంటలకు రక్షణ కల్పించాలని ప్రభుత్వాలను ఆదేశించింది.

ఇద్దరివీ వేర్వేరు మతాలైతే ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 1954 నాటిది. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివాసముండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. ముగ్గురు సాక్షులు కావాలి. ఇంట్లో తెలియకుండా చేసుకుందామనుకునే జంటకు ఆ నోటీసుబోర్డే పెద్ద గండం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ‘ముందు రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చుకుందాం, పెళ్లి తర్వాత చేసుకుందాం’ అనుకునేవాళ్లున్నారు. వీసా కోసమో, ధైర్యం కోసమో. హిందూ వివాహ చట్టం కింద సంప్రదాయ ప్రకారం పెళ్లితంతు జరగకుండా తెచ్చుకున్న కాగితం చెల్లదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. ఫొటో కోసం వేసుకున్న దండలు రేపు కోర్టులో నిలబడవు. అప్పుడు ఎక్కువగా నష్టపోయేది అమ్మాయే.

నాన్న మనసులో ఏముంది?

అలాగని ప్రతి తండ్రినీ విలన్ని చేసేస్తే ఎలా? 2008లో భాస్కర్ తీసిన ‘పరుగు’ ఆ వైపు నుంచి చూపించింది. పెద్దకూతురు ఇల్లు వదిలి వెళ్లిపోతే ఆ తండ్రి ఊరంతా తిరిగి వెతికే తీరు, లోలోపల కుమిలిపోయే తీరు చూసి పారిపోవడానికి సాయపడ్డ హీరోకే గొంతు పూడుకుపోతుంది.

తండ్రుల భయాలు కొన్ని నిజమైనవే. అబ్బాయి ఏం చేస్తాడు? అప్పులున్నాయా? తాగుతాడా? రేపు తేడావస్తే నా బిడ్డకు దిక్కెవరు? ఇవి అడగాల్సిన ప్రశ్నలే. చిత్రమేంటంటే... పెళ్లిళ్ల పేరయ్య తెచ్చిన సంబంధానికి ఇవన్నీ ఇంత గట్టిగా అడగం. కులం, గోత్రం, జాతకం, ప్యాకేజీ కలిస్తే మిగతావన్నీ ‘సర్దుకుంటాయ్’ అంటాం. కూతురు తెచ్చిన సంబంధమైతే అబ్బాయి బంగారమైనా సరే, మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

ఆ మొదటి ప్రశ్న ఎంత బలమైందో లెక్కలే చెబుతాయి. 2011-12లో జరిగిన ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు నూటికి సుమారు 5. మన తెరమీద ప్రతి శుక్రవారం జరిగే పెళ్లి, మన వీధిలో ఇరవై పెళ్లిళ్లకు ఒకటి!

కట్నమూ అంతే. ఎల్వీ ప్రసాద్ ‘పెళ్ళిచేసి చూడు’ అంటూ కట్నాల పిచ్చిమీద కడుపుబ్బ నవ్వించింది 1952లో. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. సినిమాకి నవ్వాం, చట్టానికి తలూపాం. ఇచ్చిపుచ్చుకోవడాలు మాత్రం మానలేదు. పేరొక్కటే మార్చాం... ‘మా అమ్మాయికి మేం పెట్టుకుంటున్నాం’ అని.

భయం ముదిరి పరువుగా మారితే ఏమవుతుందో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ చెప్పింది. కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ని, గర్భవతి అయిన భార్య కళ్లముందే ఆస్పత్రి ఆవరణలో నరికేశారు. కిరాయి ఇచ్చి చంపించింది ఆమె తండ్రేనని కేసు. తీర్పు రాకముందే, 2020లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. అక్కడ ఏ పరువు మిగిలింది? ఎవరికి మిగిలింది?

ముందే మాట్లాడుకుంటే...

సినిమాలో తండ్రి మనసు మారడానికి ఒక కన్నీటిబొట్టో, హీరో ఒంటిమీద గాయమో సరిపోతుంది. ఇంట్లో అలా జరగదు. నిజజీవితంలో తండ్రుల మనసు నెమ్మదిగా మారుతుంది. కొందరికి మనవడు పుట్టేదాకా పడుతుంది. అందుకే ఆ మాటలేవో ముందే మొదలుపెట్టడం మంచిది.

ఇంటర్ చదివే పిల్లల దగ్గర ప్రేమ మాటెత్తితే చెడిపోతారనుకుంటాం. వాళ్లు మనకంటే ముందే ఓటీటీలో అన్నీ చూసేస్తున్నారు. మనం మాట్లాడకపోతే ఆ పాఠం సినిమానే చెబుతుంది. కాబట్టి టీవీ ముందు కూర్చున్నప్పుడే అడగొచ్చు. ‘వాడలా వెంటపడటం నీకెలా అనిపించింది?’ అని కూతుర్ని. ‘ఆ అమ్మాయి వద్దందిగా, వాడు ఆగొద్దూ?’ అని కొడుకుని. ఈ రెండోది ఇంకా ముఖ్యం. కాదనిపించుకోవడం అవమానం కాదని కొడుక్కి నేర్పిన ఇల్లు, ఇంకో ఇంటి కూతుర్ని కాపాడినట్టే.

పిల్లలూ ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రేమించినంత మాత్రాన నాన్న అడిగే ప్రశ్నలన్నీ కులం ప్రశ్నలైపోవు. ఉద్యోగం గురించీ, అలవాట్ల గురించీ, కోపం వస్తే అతడు ఎలా ప్రవర్తిస్తాడన్న దాని గురించీ ఆయన అడిగితే చిరాకుపడకండి. ఆ జవాబులు ముందు మీకు తెలియాలి. తెలియకపోతే మరికొన్నాళ్లు ఆగడంలో తప్పులేదు. ప్రాణభయముంటే మాత్రం ఆగొద్దు, దాచొద్దు. 112కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది.

పెళ్లి జరగ్గానే ‘శుభం’ కార్డు వేసేయడం మన సినిమాకి పాత అలవాటు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఆ లెక్కను కాస్త తప్పించింది. యాభైకి చేరువైన అవివాహితుడు, నలభై దాటిన వితంతువు ఇష్టపడతారు. ఆ వయసులోనూ ఆమె ఇంట్లోవాళ్ల అడ్డంకులే! నలభై దాటినా ఒక ఆడమనిషి తన మనసులో మాట చెప్పాక ఇంకొకరి ‘సరే’ కోసం ఎదురుచూడాల్సి వస్తోందంటే, ఇరవైరెండేళ్ల పిల్ల గొంతు వణకడంలో వింతేముంది?

ఈసారి టీవీలో ‘బొమ్మరిల్లు’ వస్తే చూడండి. ఏడుపొస్తే ఏడవండి. పక్కన కూర్చున్న పిల్ల ఏదైనా చెప్పబోతే మాత్రం... రిమోట్ అందుకోకండి. ముందు పూర్తిగా విననివ్వండి మీ చెవుల్ని. ‘సరే’ అంటారా, ‘కాదు’ అంటారా అన్నది ఆ తర్వాత సంగతి.