ముల్లు వెంట దిగే ఫంగస్

తామర చర్మం పైపొరకే పరిమితమవుతుంది. లోతు ఫంగస్ జబ్బులు అలా కాదు. మట్టిలో, పుచ్చిన కట్టెలో బతికే ఫంగస్ ముల్లుతోనో పుల్లతోనో చర్మం కిందికి దిగి అక్కడే పెరుగుతుంది. వరి, పసుపు, మామిడి పండే జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో కాలికి తుమ్మ ముల్లు గుచ్చుకోవడం మామూలే. ఆరోగ్యవంతుల్లో తెల్ల రక్తకణాలు ఈ ఫంగస్‌ను చాలావరకు అక్కడికక్కడే చంపేస్తాయి. కిడ్నీ మార్పిడి తర్వాత టాక్రోలిమస్, ప్రెడ్నిసోలోన్ వంటి మందులు వాడేవారిలో, అదుపులేని షుగరు ఉన్నవారిలో, కీళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు మింగేవారిలో ఆ కాపలా సడలుతుంది. కొన్నిసార్లు ముల్లు గుచ్చుకున్న చాలాకాలానికి గానీ జబ్బు బయటపడదు. అందుకే సేద్యం మాని సిరిసిల్లలో మరమగ్గం నడుపుతున్న మనిషినైనా పాత గాయాల గురించి అడగాల్సిందే.

నల్ల ఫంగస్‌లతో వచ్చే ఫియోహైఫోమైకోసిస్ నెమ్మదిగా ముదురుతుంది. వాటి గోడల్లోని మెలనిన్ రోగనిరోధక కణాల దాడిని తట్టుకుంటుంది. పాదం మీదో చేతి మీదో నొప్పిలేని గడ్డ లేస్తుంది. జ్వరం ఉండదు కనుక కొవ్వు గడ్డ అనుకుంటారు. కోసి తీస్తే లోపల ఒక్కోసారి ముల్లు ముక్క దొరుకుతుంది. సూక్ష్మదర్శినిలో గోధుమరంగు పోగులు కనిపిస్తాయి. తీసిన ముక్కంతా ఫార్మలిన్‌లో వేస్తే ఫంగస్ చచ్చిపోయి కల్చర్‌లో పెరగదు. అందుకని సగం ఫార్మలిన్‌లో బయాప్సీకి, సగం సెలైన్‌లో కల్చర్‌కు పంపాలి.

మ్యూకర్‌మైకోసిస్ తీరు వేరు. ఇది రక్తనాళాల్లోకి చొరబడి, రోజుల్లోనే చర్మాన్ని నల్లబరుస్తుంది. కోవిడ్ సమయంలో, 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని నోటిఫై చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. అప్పుడు ఎక్కువగా ముక్కు, కన్ను దెబ్బతిన్నాయి; గాయాల ద్వారా చర్మానికీ ఇది సోకుతుంది. ఇలా సోకే అపోఫైసోమైసిస్ అనే ఫంగస్‌ను 1979లో తొలిసారి వర్ణించింది ఉత్తర భారతంలోని మామిడి తోట మట్టి నుంచే. ఇది ఆరోగ్యవంతులనూ వదలదు.

మ్యూకర్‌మైకోసిస్‌కు ఆంఫోటెరిసిన్‌-బి ఇస్తూ, చచ్చిన కండను వెంటనే తొలగించాలి. ఫియోహైఫోమైకోసిస్ గడ్డను కోసి తీసి, సాధారణంగా నెలల తరబడి ఇట్రాకొనజోల్ వాడతారు. ఈ మందు రక్తంలో టాక్రోలిమస్ స్థాయిని పెంచి కిడ్నీకి చేటు తెస్తుంది. కాబట్టి రక్తపరీక్ష చూస్తూ టాక్రోలిమస్ తగ్గించాలి. రోగి సొంతంగా ఏ మందూ ఆపకూడదు. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్‌ను అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, ఎసిడిటీ మాత్రలతో కలిపితే ఒంటికి సరిగా పట్టదు. పైపూత మందులు అంత లోతుకు చేరవు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు జబ్బును ముదరబెడతాయి.

రోగనిరోధక శక్తి తగ్గినవారు చెప్పులు లేకుండా చేలోకి దిగకూడదు. ముల్లు గుచ్చుకుంటే పూర్తిగా తీయించి, సబ్బునీళ్లతో కడగాలి. గాయం నల్లబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పిలేని గడ్డ రెండు వారాలైనా తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించాలి.