గుండె ఆగితే మరణించినట్లేనా?

ఇషా నమాజు ముగిసిన తరువాత మా తిమ్మాజిపేటలో ఒక పెద్దాయన నన్ను ప్రక్కకు పిలిచారు. "మౌలానా సాబ్, మా అల్లుడికి మెడ నరం బుడగలా ఉబ్బిందట. ఒళ్ళంతా చల్లబరచి, గుండెను ఆపి కూడా ఆపరేషన్ చేస్తారని ఎవరో చెప్పారు. గుండె ఆగితే మనిషి పోయినట్లే కదా? నా కూతురు ఇద్దత్ పాటించాలా?" అని అడిగారు. ఆ ప్రశ్న విని నవ్వేవారుండవచ్చు, కాని ఆయన చేతులు వణుకుతున్నాయి.

మెడకు ఇరుప్రక్కల నుండి మెదడుకు రక్తాన్ని చేర్చే ధమని కెరోటిడ్. దాని గోడ బలహీనపడి ఉబ్బడమే అన్యూరిజం. పదవ శతాబ్దంలోనే కొర్డోవా వైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ ఇటువంటి ఉబ్బును కోయడంలోని ప్రమాదాన్ని గురించి హెచ్చరించారు. నేడు అధిక భాగం రోగులకు గుండెను ఆపవలసిన అవసరమే లేదు. తొడ వద్ద నుండి సన్నని గొట్టం పంపి లోపలి నుండే చికిత్స చేయడం 1990ల తరువాత బాగా వ్యాపించింది. ఉబ్బు చాలా పెద్దదై, పుర్రె అడుగున చేయి చేరని చోట ఉన్నప్పుడే ఆ కఠిన మార్గాన్ని ఆలోచిస్తారు.

సాధారణ ఉష్ణోగ్రతలో రక్తం అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినసాగుతుంది. అందుకే గుండె, ఊపిరితిత్తుల పనిచేసే యంత్రం ద్వారా రక్తాన్ని దాదాపు 18 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తారు. చల్లని మెదడుకు ప్రాణవాయువు అవసరం చాలా తగ్గుతుంది, కనుక సుమారు అరగంట గడువు లభిస్తుంది. అప్పుడు యంత్రాన్నీ ఆపివేస్తే బుడగ ఖాళీ అయి మెత్తబడుతుంది, వైద్యుడు దాని మొదట క్లిప్పు బిగిస్తాడు. పిదప నెమ్మదిగా వేడిని తిరిగి తెస్తారు. చలి వల్ల రక్తం సరిగా గడ్డకట్టదు, పక్షవాతపు భయమూ ఉంటుంది. తేలికైన పని కాదు.

ఇక ఇద్దత్ మాట. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ మరణాన్ని నిర్ణయించే గుర్తులను తెలిపింది. గుండె, శ్వాస పూర్తిగా ఆగిపోవడమే చాలదు. అవి ఇక తిరిగి రావని వైద్యులు నిర్ధారించాలి. ఇక్కడ వైద్యులు తిరిగి కొట్టించే ఉద్దేశంతోనే గుండెను ఆపుతున్నారు. కాబట్టి నికాహ్ నిలిచే ఉంటుంది, వారసత్వం పంచరు, ఇద్దత్ ఊసే లేదు. మత్తులో తప్పిన నమాజులను కోలుకున్నాక ఖజా చేసుకోవాలి.

నేను చెప్పవలసిన ముఖ్యమైన మాట మరొకటి: ఏ పెద్ద శస్త్రచికిత్సకైనా వెళ్ళే ముందు అప్పులు, అమానతులు వ్రాసి ఉంచాలి. ఇది విని ఆయన వెంటనే వెళ్ళిపోయారు. మరునాడు ఫజ్ర్ తరువాత ఒక కాగితం తెచ్చారు. అందులో మూడవ వరుసలో నా పేరు ఉంది. ఎప్పుడో ఇచ్చి నేను మరచిపోయిన ఐదువందల రూపాయలు.