కాంటా చీటీ మీద తప్పు తేదీ

వడ్ల సీజన్‌లో మోతె నుంచి మిర్యాలగూడ మిల్లులకు పోయే లారీ ఎక్కడో ఒకచోట ధర్మకాంటా ఎక్కాల్సిందే. కాంటా గదిలో ఓ పాత కంప్యూటర్ ఉంటుంది. దుమ్ము పట్టిన క్యాబినెట్, చప్పుడు చేసే ఫ్యాను, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. బయట లారీ బరువు ఎంతో సీరియల్ కేబుల్ గుండా దానికి అందుతుంది. అది చీటీ కొట్టి ఇస్తుంది: లారీ నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, నికరం, తేదీ, టైము. ఒకరోజు బరువులన్నీ సరిగ్గానే పడి, తేదీ దగ్గర మాత్రం 01-01-2002 అని వచ్చిందనుకోండి. ఆ చీటీని మిల్లు గుమాస్తా ఒప్పుకోడు. డ్రైవర్ కాంటా వాడి మీద పడతాడు. వెనక లారీలు హారన్ కొడుతుంటాయి.

కాంటాలో దోషం లేదు, ప్రోగ్రాములో అసలే లేదు. మదర్‌బోర్డు మీద దాదాపు రూపాయి బిళ్లంత ఉండే సెల్లు అయిపోయింది, అంతే.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే విషయం బయటపడుతుంది. నల్లటి తెర మీద 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్' అని వచ్చి నిలిచిపోతుంది. ఎఫ్1 నొక్కితే ముందుకు, డిలీట్ నొక్కితే సెటప్‌లోకి. ఇలాంటప్పుడు సూర్యాపేట నుంచో కోదాడ నుంచో మెకానిక్ వస్తాడు. మాటలు దాదాపు ఇలాగే ఉంటాయి.

"సెల్లు అయిపోయిందన్నా. వేరేది ఏస్త."

"ఏస్తే అయిపోయె గద తమ్మీ?"

"అట్ల గాదన్నా. అది అన్నీ మర్చిపోయింది. మళ్లా మొదటిసంది చెప్పాలె."

ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. ఏం మరిచిపోయింది, ఎందుకు మళ్లీ చెప్పాల్సి వస్తుంది అన్నదే బయోస్ కథ.

స్విచ్ వేసిన క్షణంలో ప్రాసెసర్‌కు ఏమీ తెలియదు. ర్యామ్ ఖాళీ. హార్డ్ డిస్క్ అనేది ఒకటి ఉందని కూడా దానికి తెలియదు. డిస్క్ మీదున్న ప్రోగ్రామును తేవాలంటే డిస్క్‌ను చదివే ప్రోగ్రాము ముందే మెమరీలో ఉండాలి, మరి దాన్ని ఎవరు తేవాలి? తొలినాళ్లలో మనిషే తెచ్చేవాడు. హైదరాబాద్‌లో ఎ.ఎస్. రావు గారి నాయకత్వంలో 1967లో మొదలైన ఇసిఐఎల్, ఆ వెంటనే 1969 నుంచి టిడిసి-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను తయారుచేసింది. ఆ తరం చిన్న కంప్యూటర్ల ముఖం నిండా మీట స్విచ్‌లు ఉండేవి. పైకి ఒకటి, కిందికి సున్నా. ఆపరేటర్ ఒక్కో సంఖ్యను వేళ్లతో మీటి లోపలికి పంపితే, ఆ నాలుగు ఆదేశాలతో యంత్రం పేపర్ టేపును చదవడం మొదలుపెట్టేది. 1975లో అమెరికాలో ఇళ్లలోకి వచ్చిన ఆల్టెయిర్ 8800దీ అదే పద్ధతి. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి మీటుకోవాల్సిందే.

ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో నౌకాదళ కళాశాలలో పాఠాలు చెప్పే గ్యారీ కిల్డాల్, సీపీ/ఎమ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. దానికి గిరాకీ బాగానే వచ్చింది, తలనొప్పీ వచ్చింది. ఒక్కో కంపెనీ ఒక్కో రకం డిస్క్, ఒక్కో రకం తెర పెట్టేది. ప్రతి యంత్రానికీ సీపీ/ఎమ్‌ను తిరగరాయాలి. విసిగిపోయి అతను దాన్ని రెండుగా చీల్చాడు. ఏ యంత్రంలోనైనా మారని భాగం ఒకటి. ఆ యంత్రంలోని కీబోర్డు, డిస్క్, తెరలతో నేరుగా పనిచేసే చిన్న ముక్క ఇంకొకటి. ఈ రెండోదానికి బేసిక్ ఇన్‌పుట్ ఔట్‌పుట్ సిస్టమ్, పొట్టిగా బయోస్, అని పేరు పెట్టాడు. ఇక కొత్త యంత్రం వస్తే ఆ చిన్న ముక్క ఒక్కటి రాసుకుంటే చాలు. పర్సనల్ కంప్యూటర్ చరిత్రలో ఇంతకంటే లాభసాటి కోత మరొకటి లేదని నా అభిప్రాయం. దాని ఫలం ఎక్కువగా ఇతరులకే దక్కింది.

1981 ఆగస్టు 12న ఐబీఎమ్ తన పీసీని బయటపెట్టినప్పుడు ఆ ముక్కను చెరగని చిప్‌లో, ఆర్‌ఓఎమ్‌లో, కాల్చి బోర్డు మీద పెట్టింది. సైజు 8 కిలోబైట్లు. ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ దానికి ఎన్నో రెట్లు పెద్దది. రాసినవారిలో ముఖ్యుడు డేవిడ్ బ్రాడ్లీ; కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే యంత్రం మళ్లీ మొదలయ్యే ఏర్పాటు కూడా ఆయనదే. అయితే ఆ పీసీకి జ్ఞాపకం లేదు. ర్యామ్ ఎంత, ఫ్లాపీలు ఎన్ని అన్నవి బోర్డు మీది బుల్లి స్విచ్‌లను గోటితో జరిపి చెప్పాలి. గడియారమూ లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ ఈరోజు తేదీ ఎంత అని మనిషినే అడిగేది.

ఐబీఎమ్ చేసిన ఒక పని ఆ తర్వాతి చరిత్రనంతా మలుపు తిప్పింది. పీసీ తాలూకు సాంకేతిక గ్రంథంలో బయోస్ ప్రోగ్రామును మొత్తం అచ్చువేసింది. చూడొచ్చు గానీ కాపీ కొట్టకూడదు. కొడితే కాపీరైట్ దావా. మిగతా విడిభాగాలన్నీ బజారులో దొరికేవే కాబట్టి, ఐబీఎమ్ చేతిలో మిగిలిన తాళం ఆ 8 కిలోబైట్లే. కాంపాక్ అనే కంపెనీ ఆ తాళాన్ని న్యాయంగానే తీసింది. ఒక బృందం ఐబీఎమ్ బయోస్‌ను చదివి, అది ఏం అడిగితే ఏం జవాబిస్తుందో మాత్రమే రాసిపెట్టింది. అసలు ప్రోగ్రామును కన్నెత్తి చూడని మరో బృందం ఆ కాగితాలు పట్టుకుని కొత్తగా రాసింది. ఒకరు కూర రుచి చూసి చెబుతుంటే, ఆ వంటింట్లో అడుగుపెట్టని వాడు వండినట్టు. 1984లో ఫీనిక్స్ టెక్నాలజీస్ ఇదే దారిలో బయోస్ తయారుచేసి, అడిగిన ప్రతి కంపెనీకీ అమ్మడం మొదలుపెట్టింది. అవార్డ్ అనే కంపెనీ వచ్చింది. 1985లో మద్రాస్ ఐఐటీలో చదివిన ఎస్. శంకర్ తన భాగస్వామితో కలిసి అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఏఎమ్ఐ అనే కంపెనీ స్థాపించారు. పాత మదర్‌బోర్డు మీద కనిపించే బయోస్ చిప్ స్టిక్కర్ చూస్తే ఈ మూడు పేర్లలో ఒకటి ఉండటం దాదాపు ఖాయం. అసెంబుల్డ్ కంప్యూటర్ అనే సరుకు పుట్టింది దీనివల్లే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట, క్యాబినెట్ ఇంకోచోట కొని, బస్సులో సూర్యాపేట తెచ్చుకుని బిగిస్తే అది 'ఐబీఎమ్ కంపాటిబుల్' అయిపోయింది.

ఇక ఆ సెల్లు సంగతి. 1984 ఆగస్టులో వచ్చిన ఐబీఎమ్ ఏటీ అనే పీసీలో మోటరోలా తయారీ గడియారపు చిప్ పెట్టారు. దానిలో 64 బైట్ల సీమాస్ మెమరీ ఉండేది. 14 బైట్లు గడియారానికి పోగా, మిగిలిన 50 బైట్లలో ఈ యంత్రంలో ఏమేం ఉన్నాయో రాసిపెట్టుకునేది. కరెంటు లేనప్పుడు గడియారం నడవడానికీ, ఆ బైట్లు చెరిగిపోకుండా ఉండటానికీ బ్యాటరీ కావాలి. ఈనాటి బోర్డుల్లో అది సీఆర్2032 అనే లిథియం సెల్లు: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టులు. గడియారానికి తాళం వేసేది ఒక క్వార్ట్జ్ స్ఫటికం, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. అదే మన సెకను. ఈ పనికంతా పట్టేది కొన్ని మైక్రోఆంపియర్ల కరెంటు మాత్రమే కాబట్టి సెల్లు ఏళ్ల తరబడి వస్తుంది.

మన దగ్గర కాస్త ముందే అయిపోతుంది, దానికి కారణం మన అలవాటు. ప్లగ్గులో ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆపినా సరే, బోర్డుకు కొద్దిపాటి కరెంటు అందుతూ గడియారం దాని మీదే నడుస్తుంది. మనమేమో పిడుగులకూ ఓల్టేజీ ఆటుపోట్లకూ భయపడి సాయంత్రం గోడ స్విచ్ కట్టేసి పోతాం. అప్పటి నుంచి తెల్లారేదాకా భారమంతా సెల్లుదే. భయం అనవసరమని అనను, మే నెల గాలివానలు చూసినవాడెవడూ అనడు. సెల్లు ఖరీదు తక్కువ, బోర్డు ఖరీదు ఎక్కువ.

బయోస్ తన జ్ఞాపకాన్ని గుడ్డిగా నమ్మదు. రాసుకున్న బైట్లను కూడి, ఆ మొత్తాన్ని పక్కన రాసిపెట్టుకుంటుంది. స్విచ్ వేయగానే మళ్లీ కూడి చూస్తుంది. రెండూ కలవకపోతే అన్నీ కొట్టేసి కంపెనీ ఇచ్చిన మామూలు విలువలు వేసుకుంటుంది. తెర మీద వచ్చిన చెక్‌సమ్ ఎర్రర్ అంటే ఇదే. ఆ మామూలు విలువలు ఎక్కడో తైవాన్‌లో కూర్చున్నవాళ్లు పెట్టినవి. వాళ్లకు మన కాంటా గది తెలియదు కదా.

అందుకే సెల్లు మార్చిన మెకానిక్ డిలీట్ నొక్కి నీలి తెరలోకి దిగుతాడు. బాణం గుర్తులు, ఎంటర్, పేజ్ అప్, పేజ్ డౌన్, మౌస్‌తో పనిలేదు. ముందు తేదీ, టైము. తర్వాత ఫ్లాపీ. బోర్డు తయారైన కాలంలో ప్రతి క్యాబినెట్‌కూ ఫ్లాపీ ఉండేది కాబట్టి బయోస్ ఇప్పటికీ అది ఉందనే అనుకుంటుంది, వెతికి దొరక్క 'ఫ్లాపీ డిస్క్ ఫెయిల్' అని మొరాయిస్తుంది. దాన్ని 'నన్' చేయాలి. 'హాల్ట్ ఆన్' అన్నచోట కీబోర్డును మినహాయించాలి. లేకుంటే ఎలుక కేబుల్ కొరికిన రోజున 'కీబోర్డు లేదు, ఎఫ్1 నొక్కండి' అనే ప్రసిద్ధ హాస్యం తెర మీద చదవాల్సి వస్తుంది. బూట్ క్రమంలో హార్డ్ డిస్క్ ముందుండాలి. సీరియల్ పోర్టు ఆన్‌లో, పాత విలువలైన 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4 దగ్గర ఉండాలి. అది మారితే కాంటా ప్రోగ్రాము బరువు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

డిస్క్ విషయంలో చెయ్యి జాగ్రత్త. సాటా మోడ్ అనేచోట ఐడీఈ, ఏహెచ్‌సీఐ అని ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీని ఐడీఈలో ఎక్కించి ఉంటే, తర్వాత ఏహెచ్‌సీఐకి మార్చగానే 7బి అనే నంబరుతో నీలి పేజీ వచ్చి ఆగిపోతుంది. డిస్క్ పోయిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టించేవాళ్లున్నారు. వెనక్కి ఐడీఈ పెడితే చక్కగా లేస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న ప్రశ్నకూ ఒక గడి ఉంది: ఆగి ఉండు, లేచిరా, ముందెలా ఉంటే అలా. నన్నడిగితే మన లైన్ల మీద 'ఆగి ఉండు' మేలు. కరెంటు వస్తూ పోతూ ఉండే మొదటి నిమిషాలు గడవనివ్వాలి. వేడికీ ఒక గడి. ప్రాసెసర్ ఇంత వేడెక్కితే ఆపేయమని చెప్పేది. 60 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటే, పాత పెంటియమ్ 4 యంత్రం మిర్యాలగూడ ఎండాకాలం మధ్యాహ్నం ఊరికే ఆగిపోతుంటుంది. వైరస్ అనుకుంటారు. ముందు ఫ్యాను దుమ్ము దులపాలి, ఆ తర్వాతే ఆ గడి జోలికి పోవాలి.

అన్నీ చెప్పి ఎఫ్10 కొడితే బైట్లు రాసుకుని యంత్రం లేస్తుంది. తెలివైన మెకానిక్ అంతకుముందే ఒక్కో పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటాడు.

ఇలాంటి పొదుపు తర్వాత ఎన్ని తంటాలు తెచ్చిందో చెబితే అదో పెద్ద పురాణం. డిస్క్ చిరునామాకు కేటాయించిన బిట్లు చాలక 504 మెగాబైట్ల దగ్గర ఒక గోడ, అది దాటాక 8.4 గిగాబైట్ల దగ్గర మరొకటి. గడియారపు చిప్ ఏడాదిని రెండంకెల్లోనే లెక్కపెట్టేది. శతాబ్దం ఎంతో వేరే బైటులో ఉండేది, దాన్ని చిప్ పట్టించుకునేది కాదు. 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక కొన్ని పీసీలు 1980కి వెళ్లిపోవడానికి అదే కారణం. వైటూకే పేరుతో అమీర్‌పేటలో కోర్సులు చదివి అమెరికా విమానం ఎక్కినవాళ్లు దాదాపు ప్రతి ఊళ్లో దొరుకుతారు. వాళ్లలో చాలామంది సరిచేసింది పెద్ద కంప్యూటర్లలోని కోబాల్ ప్రోగ్రాములను. కానీ జబ్బు ఒకటే.

1990లలో బయోస్‌ను చెరిపి రాయగలిగే ఫ్లాష్ చిప్‌లలో పెట్టడం మొదలైంది. కొత్త ప్రాసెసర్ వస్తే చిప్ మార్చకుండానే బయోస్ మార్చుకోవచ్చు. ఆ తలుపులోంచే దొంగ కూడా వచ్చాడు. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హావ్ రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న దెబ్బ కొట్టింది. డిస్క్ మొదటి మెగాబైటును తుడిచేసి, వీలైనచోట బయోస్‌ను కూడా పాడుచేసింది. బయోస్ పోయిన బోర్డు బీప్ కూడా అనదు. చిప్ పీకి వేరే యంత్రంలో పెట్టి రాసి తేవాలి. ఇలాంటి దెబ్బలు కాచుకోవడానికే కొన్ని బోర్డుల మీదికి రాతను అడ్డుకునే జంపర్లు, రెండో బయోస్ చిప్‌లు వచ్చాయి.

చివరికి బయోస్‌ను పక్కకు జరిపింది వయసే. 1990ల చివర్లో ఇంటెల్ ఇటానియమ్ యంత్రాల కోసం ఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి మొదలుపెట్టింది. 2005లో దాన్ని కంపెనీలన్నీ కలిసిన యూఈఎఫ్ఐ ఫోరమ్‌కు అప్పగించారు. పాత బయోస్ పద్ధతిలో విభజించిన డిస్క్‌లో 2.2 టెరాబైట్లు దాటి వాడలేం. కొత్తదానికి ఆ అడ్డు లేదు. విండోస్ 11 యూఈఎఫ్ఐ ఉంటేనే ఎక్కుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది కాబట్టి, పాత బోర్డుల వాళ్లకు లైనక్స్ ఒక దారి, ఇంటర్నెట్ తగిలించకుండా ఒకే పని చేయించుకోవడం ఇంకో దారి. కాంటా గదులకు రెండోది బాగా సరిపోతుంది.

కొత్త బోర్డు కొన్నా అట్టపెట్టె మీద, సెటప్ తెర మీద, మెకానిక్ నోట్లో పేరు బయోసే. మౌస్‌తో తిరిగే రంగుల తెర వెనక అదే సీఆర్2032 సెల్లు ఉంటుంది. 1984 నాటి ఏటీలో సీమాస్ గడియారాన్ని ఏ 70, 71 నంబరు పోర్టుల దగ్గర పలకరించేవారో, నేటి పీసీలో కూడా అది అక్కడే పలుకుతుంది.