నాలుగు పార్ లైట్లు, కాస్త చీకటి

మొన్న మాఘమాసం ముహూర్తాల్లో ఖమ్మం దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా బంధువులమ్మాయి సంగీత్‌కి వెళ్ళాను. డీజే కుర్రాడు తెచ్చుకున్నవి నాలుగే లైట్లు. రెండు స్టాండ్లకు రెండేసి పార్‌లు బిగించి స్పీకర్ల పక్కన నిలబెట్టాడు. పాట మొదలైంది, రంగులు మారుతున్నాయి, కానీ ఫ్లోర్ మీదికి పిల్లలు తప్ప ఎవరూ రావడం లేదు. పైన ఇరవై దాకా ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. వాటి కింద పార్ లైటు ఎరుపు వెలిసిపోయిన చీరలా ఉంది. చుట్టూ పెద్దవాళ్ళు కుర్చీలేసుకుని చూస్తుంటే అంత వెలుతుర్లో లేచి చిందెయ్యడానికి ఎవరికైనా మొహమాటమే.

కుర్రాడు రెండుసార్లు హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. మూడోసారి, "అన్నా, ఫ్లోర్ మీది ట్యూబులు ఒక్క గంట ఆపించన్నా, భోజనాల వైపువి ఉండనీ" అని బతిమాలాడు. ఆయన వెళ్ళి స్విచ్చులు నొక్కాడు. లైట్లు అవే నాలుగు. పది నిమిషాలు తిరక్కుండా పెళ్ళికూతురి మేనత్తలు కూడా ఫ్లోర్ మీద ఉన్నారు.

మన కన్ను వెలుతురును తక్కెడ పెట్టి తూచదు, పక్కదానితో పోల్చి చూస్తుంది. ఒక లెక్క వేసుకుందాం, వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. హాల్లో ట్యూబులైట్ల వెలుతురు 200 లక్స్ ఉందనుకోండి. పార్ లైటు ఫ్లోర్ మీద ఇంకో 200 లక్స్ ఎర్రరంగు పోసిందనుకోండి. మొత్తం రెండింతలైంది, అంతే. పైగా ఎరుపులో సగం తెలుపు కలిసి లేత గులాబీ అయింది. ట్యూబులు ఆపేసి, భోజనాల వైపు నుంచి వచ్చే ఓ 5 లక్స్ మాత్రం మిగిలితే, అదే పార్ లైటు చుట్టూ ఉన్న వెలుతురు కన్నా నలభై రెట్లు. రంగు చిక్కగా, ముద్దగా కనిపిస్తుంది. పున్నమి వెన్నెల మహా అయితే లక్స్‌లో పావు వంతు ప్రాంతంలో ఉంటుంది. ఆ వెలుతుర్లో ఆరుబయట అన్నం తిన్నవాళ్ళకు 5 లక్స్ అంటే ఎంతో తెలుస్తుంది. మనుషుల ముఖాలు గుర్తుపట్టడానికి, కింద పడకుండా నడవడానికి అది చాలు. లైట్ల బడ్జెట్ తక్కువన్న ప్రతి డీజేకీ నేను మొదట చెప్పేది ఇదే. కొత్త లైటు కొనే ముందు హాల్లో ఏ స్విచ్ ఏ ట్యూబుదో కనుక్కోండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇక ఆ నాలుగు లైట్ల సంగతి. పార్ అన్న మాట పాత బల్బు పేరు నుంచి వచ్చింది. పారాబోలా ఆకారంలో, లోపల అల్యూమినియం పూత పూసిన అద్దం గిన్నె అది. దాని పక్కన రాసే 64 అంకె వ్యాసం. అంగుళంలో ఎనిమిదో వంతును ఒకటిగా లెక్కిస్తే 64 అంటే ఎనిమిది అంగుళాలు. సినిమా ఫంక్షన్లలో, నాటక పరిషత్తుల్లో వాడిన పెద్ద పార్ 64 ఒక్కోటి 1000 వాట్లు. నాలుగు పెడితే 4000 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు దాటుతుంది. మన ఇళ్ళలో గీజరు పెట్టుకునే 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. అంత కరెంటు మింగి బల్బు ఇచ్చేది ఎక్కువగా వేడి, వెలుతురు వందలో ఐదారు వంతులు. పైగా రంగు కావాలంటే ముందు జిలేటిన్ కాగితం కట్టాలి. జిలేటిన్ రంగును పుట్టించదు, మిగతా రంగుల్ని ఆపేస్తుంది. ముదురు నీలం జిలేటిన్ వచ్చిన వెలుతురులో నూటికి తొంభై వంతులకు పైగా మింగేసి, ఆ వేడికి గంటల్లో వెలిసిపోయేది. ఊళ్ళో పెళ్ళికి అలాంటి లైట్లు తేవడమంటే జనరేటరుతో సహా తేవడమే.

ఈ భారాన్ని దించింది నీలం రంగు ఎల్ఈడీ. కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లోనే చేశాడు. తర్వాత పచ్చ వచ్చింది. కాంతివంతమైన నీలం మాత్రం మరో ముప్పై ఏళ్ళు సతాయించింది. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని లోపాల్లేకుండా పెంచడమే ఎవరికీ చేతకాలేదు. జపాన్‌లో నగోయాలో అకసాకి, అమానో, తొకుషిమాలో ఒక చిన్న కంపెనీలో నకమురా ఏళ్ళ తరబడి దాన్నే పట్టుకుని కూర్చున్నారు. 1990ల మొదట్లో సాధించారు. 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. నీలం వచ్చాకే మూడు రంగులూ ఒక డబ్బాలో చేరాయి. ఇవాళ మన డీజేలు "54 పార్" అనే డబ్బాలో ఎరుపు, పచ్చ, నీలం, కొన్నిట్లో తెలుపు కలిపి 54 చిన్న ఎల్ఈడీలుంటాయి. రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతుంది. సుమారు వంద వాట్లు తీసుకుంటుంది. నాలుగూ కలిపినా మీ వంటింటి మిక్సీ కన్నా తక్కువ కరెంటు.

మూడు రంగులతో అన్ని రంగులూ ఎలా వస్తున్నాయి? ఆ కిటుకు లైట్లో లేదు, మన కంట్లో ఉంది. రంగును పసిగట్టే శంకుకణాలు మనకు మూడు రకాలే. ఇంగ్లండులో థామస్ యంగ్ 1802 నాటికే ఈ సంగతి ఊహించాడు. ఎరుపు, పచ్చ కాంతులు కలిసి పడినప్పుడు అందులో పసుపు కాంతి రవ్వంతైనా ఉండదు. కానీ నిజమైన పసుపు కాంతి పడితే ఏ కణాలు ఎంత మేలుకుంటాయో, ఈ మిశ్రమానికీ అవే, అంతే మేలుకుంటాయి. మెదడు పసుపు అనుకుంటుంది. ఈసారి సంగీత్‌లో చూడండి. ఒక మూల ఎర్ర పార్, ఇంకో మూల పచ్చ పార్ వెలిగినప్పుడు ఫ్లోర్ మధ్యలో నిలబడి మీ నీడలు గమనించండి. నేల పసుపుగా ఉంటుంది. మీకు రెండు నీడలుంటాయి. ఎర్రలైటుకు మీరు అడ్డొచ్చిన నీడ పచ్చగా, పచ్చలైటుకు అడ్డొచ్చిన నీడ ఎర్రగా పడుతుంది. పాఠ్యపుస్తకంలో బొమ్మేసి చెప్పే పాఠాన్ని కాలి కింద చూడొచ్చు.

ఈ కిటుకు మన కంటి మీద పారినంత బాగా బట్టల మీద, ముఖాల మీద పారదు. అరిటాకు పచ్చ పట్టుచీర ఎర్ర కాంతిలో నల్లబడుతుంది. ఎందుకంటే ఆ రంగు అద్దకం ఎరుపును మింగేస్తుంది, తిప్పి పంపడానికి పచ్చ కాంతి అక్కడ లేదు. నుదుటి కుంకుమ నీలం వెలుతుర్లో నల్లచుక్క. చామనఛాయ ముఖం పచ్చ లైటులో జబ్బు చేసినట్టుంటుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు ముఖాల మీదికి ముదురు పసుపు, లేత గులాబీ, తెలుపు వేసి, నీలం, పచ్చల్ని వెనక గోడకూ పైకప్పుకూ వదిలేస్తారు. ఫోటోగ్రాఫరుకూ ఇదే మేలు. కెమెరా సెన్సారులో సగం గళ్ళు పచ్చవి, పావు ఎర్రవి, పావు నీలానివి. ఉత్త నీలం లైటు పడితే దాదాపు పావు వంతు గళ్ళే పనిచేస్తాయి. ముక్కూ కళ్ళూ తెలియని నీలిముద్ద మిగులుతుంది. లక్షలు పెట్టి తీయించిన ఆల్బమ్‌లో అలాంటి ముద్దలు చూసి తల్లిదండ్రులు ఎంత బాధపడతారో నాకు తెలుసు.

లైటు ఎక్కడ పెట్టాలన్నది కూడా లెక్కే. 25 డిగ్రీల కోణంతో వెదజల్లే పార్ మూడు మీటర్ల దూరంలో ఒకటిన్నర మీటరు కూడా నిండని వలయం వేస్తుంది. ఐదు మీటర్లకు ఆ వలయం రెండుంపావు మీటర్లవుతుంది, కానీ అక్కడ పడే వెలుతురు సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. దూరం పెరిగితే వెలుతురు దూరం వర్గం లెక్కన పడిపోతుంది మరి. స్పీకర్ల పక్కనుంచి సూటిగా కొడితే మొదటి వరుసలో వాళ్ళ కళ్ళు చెదురుతాయి, వెనక వాళ్ళకు చీకటి. స్టాండును మనిషి తల మీదికి లేపి, ఫ్లోరుకు ఎదురెదురు మూలల నుంచి కిందికి వాల్చితే నాలుగు వలయాలూ ఒకదాని మీద ఒకటి పడి ఫ్లోరంతా నిండుతుంది. హాలు పైకప్పు తెల్లగా ఉంటే ఒకటి రెండు లైట్లు దానికేసి తిప్పి చూడండి. కప్పే పెద్ద లైటైపోతుంది.

తక్కువ డబ్బుతో ఎక్కువ కదలిక కావాలంటే నా ఓటు అద్దాల బంతికి. అమెరికాలో 1917 నాడే పేటెంటు పొందిన పాత వస్తువది, మోటారు తప్ప చెడిపోయేదేమీ లేదు. సన్నటి కిరణమిచ్చే పిన్ స్పాట్ ఒకటి దానిమీదికి వదిలితే చాలు. అద్దం ఎంత తిరిగితే ప్రతిఫలించిన కిరణం అంతకు రెండింతలు తిరుగుతుంది. బంతి నిమిషానికి ఒక చుట్టు, అంటే సెకనుకు 6 డిగ్రీలు తిరిగితే, చుక్కలు 12 డిగ్రీలు జరుగుతాయి. ఐదు మీటర్ల అవతలి గోడ మీద అది సెకనుకు మీటరు, ఇంచుమించు మనిషి నడక. మెల్లని పాటకు అంతకన్నా అందమైన లైటింగు నేను చూడలేదు.

ఖమ్మం కుర్రాడికి ఆ రాత్రి ఇంకో చిక్కొచ్చింది. నాలుగో పార్ ఉన్నట్టుండి దానంతటదే రెపరెపలాడటం మొదలుపెట్టింది. "లైటు పోయిందిరా" అన్నాడు పక్కవాడు. అతను కంగారు పడలేదు. జేబులోంచి మైకు పిన్నులాంటిది తీసి నాలుగో లైటు వెనక ఖాళీ కన్నంలో గుచ్చాడు. రెపరెప ఆగింది. అడిగితే పిన్ను మూత విప్పి చూపించాడు. లోపల రెండో కాలికీ మూడో కాలికీ మధ్య బియ్యపు గింజంత రెసిస్టరు, దానిమీద గోధుమ, ఎరుపు, గోధుమ పట్టీలు. ఆ పట్టీలంటే 120 ఓములు. ఐదు రూపాయల వస్తువు కూడా కాదు.

దాని వెనక కథ ఇది. లైట్లన్నీ ఒకే తీగమీద మాట వినే పద్ధతి పేరు డీఎంఎక్స్ 512. అమెరికాలోని రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ 1986లో తెచ్చింది. ఒక తీగలో 512 ఛానళ్ళు, ఒక్కో ఛానల్లో 0 నుంచి 255 దాకా ఒక అంకె. ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అన్న ఆ అంకెలన్నిటినీ కంట్రోలరు సెకనుకు 44 సార్ల దాకా చదివి వినిపిస్తుంది. ఒక్కో పార్‌కి ఏడు ఛానళ్ళయితే మొదటిదానికి 1, రెండోదానికి 8, తర్వాత 15, 22 అని అడ్రసులు పెట్టాలి. అన్నిటికీ 1 పెడితే నాలుగూ ఒకేలా ఆడతాయి. ఇక తీగ చివర ఏమీ లేకపోతే, చెరువులో అల గట్టుకు కొట్టుకుని వెనక్కొచ్చినట్టు విద్యుత్ సంకేతం వెనక్కి మళ్ళుతుంది. వెనక్కొచ్చిన అల కొత్తగా వస్తున్న అంకెల్ని చెరుపుతుంది, లైటుకు అర్థంకాక వణుకుతుంది. చివర పెట్టిన 120 ఓముల రెసిస్టరు అలను మింగేస్తుంది. మైకు కేబులును డీఎంఎక్స్‌కి వాడితే ఈ బాధ మరీ ఎక్కువ, ఆ తీగ స్వభావం వేరు. ఎన్నో మంచి లైట్లు ఈ రెసిస్టరు లేక "పాడయ్యాయి" అనిపించుకుని మూలన పడి ఉన్నాయి.

షార్పీ లేకపోతే పెళ్ళే కాదన్నట్టు ఈమధ్య అందరూ అడుగుతున్నారు. షార్పీ నిజానికి ఇటలీలోని క్లే పాకీ కంపెనీ 2010లో తెచ్చిన ఒక మోడల్ పేరు, 189 వాట్ల దీపంతో ఆకాశాన్ని గీసే సన్నని కిరణం. మన దగ్గర ఆ జాతి లైట్లన్నిటికీ అదే పేరైపోయింది. కానీ కిరణం పక్కనుంచి కనిపించాలంటే గాలిలో దాన్ని చెదరగొట్టే రేణువులుండాలి. పెంకుటింటి కన్నంలోంచి పడే ఎండ దుమ్ము వల్లే కదా కర్రలా కనిపించేది. పొగ మెషీన్ గ్లైకాల్, నీళ్ళ ద్రావణాన్ని వేడిచేసి ఆ దుమ్ము పనే చేస్తుంది. ఆరుబయట లాన్‌లో గాలి వీస్తే పొగ పోతుంది, దాంతో అద్దెకు తెచ్చిన షార్పీ కిరణమూ మాయమవుతుంది. లాన్ పెళ్ళికి ఆ డబ్బు ఇంకో నాలుగు పార్‌లకు పెట్టి చెట్లకేసి వెలిగించమంటాను.

చవకకోసం రాజీపడకూడని చోట్లున్నాయి. ఒకటి స్ట్రోబ్, అంటే టపటపా మెరిసే లైటు. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో ఒక పిల్లల కార్టూన్‌లో ఎరుపు, నీలం సెకనుకు పన్నెండు సార్లు మెరిస్తే 685 మంది ఆసుపత్రుల పాలయ్యారు. కొందరి మెదడు ఆ వేగపు మెరుపులకు మూర్ఛ తెచ్చుకుంటుంది. తమకు ఆ తత్వముందని చాలామందికి అంతకుముందు తెలియనే తెలియదు. స్ట్రోబ్‌ను సెకనుకు మూడు మెరుపులు దాటనివ్వకండి, అదీ పాటలో కొన్ని క్షణాలే. రెండు, లేజరు. కంటి కటకం ఆ కిరణాన్ని రెటీనా మీద సూదిమొనంత చోటుకు కుదించేస్తుంది. కాలిన చోటు తిరిగి మొలవదు. ఊరూపేరూ లేని పచ్చ లేజరు డబ్బా మీద రాసిన శక్తి అంకె నమ్మదగింది కాదు. తలల మీదికి, పిల్లల్ని భుజాలకెత్తుకున్న వాళ్ళ ఎత్తుకు కూడా అది రాకూడదు. విమానాశ్రయం దాపుల్లోనైతే ఆకాశంలోకి అసలే వదలకూడదు. మూడోది ఎర్త్ పిన్ను. పాత సాకెట్‌లో పట్టడం లేదని మూడో కాలు విరగ్గొట్టిన ప్లగ్గులు నేను లెక్కలేనన్ని చూశాను. తడి లాన్ మీద, చెప్పుల్లేని కాళ్ళతో, ఇనుప స్టాండు పట్టుకునే పిల్లలకు ఆ మూడో కాలే రక్ష.

శ్రావణంలో మీ ఇంట్లో పెళ్ళుంటే డీజేని ఎన్ని లైట్లు తెస్తున్నావని మాత్రమే అడగకండి. ప్లగ్గులకు మూడు కాళ్ళూ ఉన్నాయో లేదో ఒక్కసారి వంగి చూడండి. పాట మొదలయ్యే ముందు ఫ్లోర్ మీది ట్యూబులు ఆపించండి. మెట్ల దగ్గరవీ, భోజనాల దగ్గరవీ వెలుగుతూ ఉండనివ్వండి.