చౌక చార్జర్‌లో తగ్గిందేమిటి?

హైదరాబాద్ కోఠి, అబిడ్స్ సందుల్లో పేరున్న కంపెనీల ముద్రతో నకిలీ చార్జర్లు కారుచౌకగా దొరుకుతాయి. కొనేవాళ్లంతా మోసపోతున్నారనుకుంటే పొరపాటు. చాలామంది తెలిసే కొంటారు. ఫోన్ చార్జ్ అవుతోంది కదా, ఇంకేం కావాలన్నది వాళ్ల లెక్క. కంటికి కనిపించనిది ఆ లెక్కలోకి రాదు. 230 వోల్టుల ఇంటి కరెంటును 5 వోల్టులకు దించడం ఒక్కటే చార్జర్ పని కాదు, ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా చూడటం కూడా. లోపలి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగచుట్ల మధ్య ఇన్సులేషన్ టేపు, బోర్డు మీద కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండేది అందుకే. నకిలీవాడు ఖర్చు మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే. 2016లో ఉత్పత్తుల భద్రతను పరీక్షించే యూఎల్ సంస్థ 400 నకిలీ ఐఫోన్ అడాప్టర్లను పరీక్షిస్తే 99 శాతానికి పైగా తప్పాయి. వాటిలో 12 అయితే ప్రాణం తీసేంత షాక్ కొట్టగలవని తేలింది.

మరి అసలువాటికి కంపెనీలు గుంజే ధర మాటేమిటంటారా? ఆ ఫిర్యాదు న్యాయమే. 2020లో ఐఫోన్ 12తో యాపిల్ డబ్బాలో చార్జర్ ఇవ్వడమే మానేసింది. అయితే చౌక వేరు, నకిలీ వేరు. సొంత పేరుతో, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్‌తో తక్కువ ధరకు వచ్చేవీ ఉన్నాయి. కాలిపోతే నిలదీయడానికి తయారీదారు ఉంటాడు. దొంగ ముద్ర వెనక ఎవరుంటారు? ముద్రతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరునూ అచ్చుకొట్టేయగలరు కాబట్టి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన వివరాలు చేతిలోని చార్జర్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి.